జవాబు ఒప్పు, బొమ్మ తప్పు

ఈ వ్యాసము నా సొంత అభిప్రాయము. తప్పులుంటే క్షమించండి. కానీ సగం చదివి గంట కొట్టారని వెళ్లిపోకండి, ఎందుకంటే ఇది వచ్చే ఆదివారం మనం చేతులెత్తి చెప్పబోయే విషయం గురించి కూడా.

పోయిన నెల మన గోడ పత్రికలో "పక్షిని గుర్తించండి" అని ఒక ప్రశ్న వేశారు. "ఆఫ్రికా ఖండములో నివసించును. చిన్నది. గుంపులుగా తిరుగును. పండ్లు తినును. అది ఏది?" అని. మీలో చాలామంది చీటీల మీద జవాబు రాసి డబ్బాలో వేశారు. అందరమూ దాదాపు ఒకటే రాశాం, లవ్ బర్డ్ అని. ఎందుకంటే అంతకు ముందే కదా మనం హైదరాబాదు టూర్ వెళ్లి వచ్చాం, అక్కడ పాతబస్తీలో అవే చూశాం. జవాబు సరైనదే అని ప్రకటించారు. చీటీలు తీస్తే నా పేరు వచ్చింది, పెన్ను ఇచ్చారు. జవాబు పక్కన బొమ్మ వేయమని కూడా నాకే చెప్పారు. పచ్చగా, పొడుగు తోకతో, వీపు మీద నల్ల గీతలతో వేశాను. బాగుందని అందరూ అన్నారు. ఇప్పటికీ ఆ బొమ్మ నీళ్ల ట్యాంకు పక్క గోడ మీదే ఉంది.

మిత్రులారా, ఆ బొమ్మ తప్పు. అది లవ్ బర్డ్ కాదు, ఆఫ్రికాది కూడా కాదు. అది నాకు తెలిసి మూడు వారాలయింది. పెన్ను ఇచ్చేయమంటారేమో అని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.

అసలు ఎట్లా మొదలయిందో చెప్తాను. చార్మినార్ చూశాం కదా. 1591లో కట్టిందని సార్ చెప్తుంటే మనం గాజుల కొట్ల వైపు చూస్తున్నాం. లాడ్ బజార్లోంచి కొంచెం ముందుకి పోతే మెహబూబ్ చౌక్ వస్తుంది. 1892లో కట్టిన గడియారం స్తంభం అక్కడే ఉంది. ఆ చౌకునే జనం ముర్గీ చౌక్ అంటారు, అంటే కోళ్ల చౌక్. కోళ్లు, పావురాలు, పిట్టలు అమ్మే చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ చుట్టుపక్కల సందులో ఒక కొట్టు ముందు మనమంతా ఆగిపోయాం. ఒకదాని మీద ఒకటి ఇనుప జాలీ పంజరాలు. లోపల పచ్చవి, నీలంవి, పసుపువి, తెల్లవి. ఒకటే కిచకిచ. కొట్టు ఆయన మంచివాడే, మనల్ని కసరలేదు. "దేఖో బేటా, ఆఫ్రికా లవ్ బర్డ్, జోడీ ఆరొందలు" అన్నాడు. సార్ కూడా "అవునమ్మా, లవ్ బర్డ్స్" అన్నారు. ఇంక మనకి వేరే సాక్ష్యం ఎందుకు?

ఐదో తరగతి చిన్నపిల్ల ఒకతి మనతో వచ్చింది కదా, ఎవరో మీకు తెలుసు, పేరు రాయను. హాస్టల్లో చేరి నాలుగు నెలలయినా ఆ పిల్ల మాట్లాడేది కాదు. రాత్రిళ్లు దుప్పటి నోట్లో పెట్టుకుని ఏడ్చేది. ఆ పంజరం ముందు కూర్చుని మన కోయ మాటలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పిట్టలకి చెప్పింది, మనకి కాదు. మేడం గారు చూసి కళ్లు తుడుచుకున్నారు. నేను చూశాను. హాస్టల్ వరండాలో ఒక జంట పెట్టుకుందాం అన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఒక్కొక్కరం పది రూపాయలు వేశాం. నేనూ వేశాను. కాబట్టి నేను మొదటి నుంచీ వద్దన్నదాన్ని అని ఎవరూ అనుకోవద్దు.

తర్వాత ఏమైందంటే, బొమ్మకి రంగులు సరిగ్గా వేద్దామని లైబ్రరీ గదిలో పక్షుల పుస్తకం తీశాను. సైన్స్ మేడం తన ఫోన్లో ఫొటోలు కూడా చూపించారు. లవ్ బర్డ్ అని ఉన్న పేజీలో పిట్టకి తోక లేదు. అంటే ఉంది గాని కురచ, ఎవరో కత్తిరించినట్టు. ఒళ్లు బొద్దు. వీపు మీద గీతలు లేవు. ముక్కు పెద్దది, వంకర. మనం చూసిన వాటిలాగా ఒక్కటీ లేదు. ఇంకో పేజీ తిప్పితే మనం చూసిన పిట్ట కనపడింది. దాని పేరు బడ్జెరిగార్, పొట్టిగా బడ్జీ అంటారు. దేశం ఆస్ట్రేలియా. నా గుండె గతుక్కుమంది, గోడ మీద అప్పటికే బొమ్మ ఎండిపోయింది.

బడ్జీ సుమారు 18 సెంటీమీటర్లు ఉంటుంది, అందులో దాదాపు సగం తోకే. అడవిలో ఉండేవన్నీ పచ్చ, పసుపు రంగే. నీలంవి, తెల్లవి మనుషులు పంజరాల్లో పెంచి పెంచి తెచ్చిన రంగులు. ముక్కు మీద చిన్న మైనం ముద్దలాంటిది ఉంటుంది. పెద్దయిన మగదానికి అది నీలంగా, ఆడదానికి గోధుమ రంగుగా ఉంటుంది. ఆస్ట్రేలియా ఎండు నేలల్లో నీళ్ల కోసం పెద్ద పెద్ద గుంపులుగా తిరుగుతుంది. తినేది ముఖ్యంగా గడ్డి గింజలు. పండ్ల పిట్ట కానే కాదు. 1840లో జాన్ గౌల్డ్ అనే ఆయన వీటిని ప్రాణాలతో ఇంగ్లండు తీసుకుపోయాడు. అప్పటి నుంచి లోకమంతా పాకింది. మన దేశంలో ఎవరో ఎప్పుడో దాన్ని లవ్ బర్డ్ అన్నారు, అదే పేరు నిలిచిపోయింది. కొట్టు ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆయనకి కొన్నచోట ఎవరు ఏం చెప్పారో అదే మనకి చెప్పి ఉంటాడు. ఆయన చెప్పింది సార్ నమ్మారు, సార్ చెప్పింది మనం నమ్మాం, మనం చెప్పింది గోడ ఎక్కింది.

మరి నిజం లవ్ బర్డ్ ఏది? అది ఆఫ్రికాదే. శాస్త్రవేత్తలు దాన్ని అగపోర్నిస్ అంటారు. గ్రీకు భాషలో ప్రేమ, పిట్ట అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరు. జంటగా ఒకదాన్ని ఒకటి ఆనుకుని కూర్చుని, ఒకదాని ఈకలు ఒకటి దువ్వుతాయి, అందుకని. మొత్తం తొమ్మిది రకాలు. ఎనిమిది ఆఫ్రికా నేల మీద, ఒకటి మడగాస్కర్ దీవిలో. మన జానెడు కంటే చిన్నవి. నమీబియా వైపు ఉండేదాని ముఖం గులాబీ రంగు. టాంజానియాలో ఉండే ఫిషర్ రకానికి ముఖం నారింజ రంగు, ముక్కు ఎర్రన, కళ్ల చుట్టూ తెల్లటి వలయం. అదే దేశంలో నల్ల ముఖం, పసుపు మెడ ఉన్న ఇంకో రకం. గులాబీ ముఖం ఆడపిట్ట గూటికి ఆకుపీలికలు ఎట్లా మోస్తుందో తెలుసా? ముక్కుతో పట్టుకుని కాదు. చీల్చిన పీలికలని నడుము దగ్గర ఈకల్లో దోపుకుని ఎగిరిపోతుంది. మా అమ్మ తునికాకు కోసేటప్పుడు కట్టలు నడుముకి దోపుకుంటుంది, అచ్చం అట్టాగే. ఇది చదివినప్పుడు నాకు ఆ పిట్ట మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందు పుట్టింది పంజరం రంగుల మీద.

ఇప్పుడు మన ప్రశ్నలో "పండ్లు తినును" అన్న ముక్క చూడండి. లవ్ బర్డ్స్ గింజలు ఎక్కువ తింటాయి, పండ్లు, మొగ్గలు కూడా తింటాయి. అందులో నల్ల మెడపట్టీ ఉన్న రకం ఒకటుంది. మధ్య ఆఫ్రికా అడవుల్లో పెద్ద చెట్ల మీద తిరుగుతుంది. అక్కడి మేడి జాతి చెట్ల పండ్లు లేకపోతే బతకదు. అందుకే దాన్ని ఎవరూ పంజరంలో పెంచలేరు. ఎన్ని గింజలు పోసినా, ఆ చెట్టు పండు దొరకకపోతే చచ్చిపోతుంది. తొమ్మిదింటిలో సంతకి రానిది అదే. మా తాత ఇట్టాంటివి వింటే తల ఊపుతాడు. ఆయనకి చదువు రాదు. పిట్ట పేరు అడిగితే ముందు "అది ఏ చెట్టు మీద వాలింది, ఏం తింటోంది" అని మనల్నే అడుగుతాడు. అది చెప్తేనే పేరు చెప్తాడు. నేను చిన్నప్పుడు విసుక్కునేదాన్ని, పేరు అడిగితే చెట్టు అడుగుతాడేంది అని.

ఇంకో సంగతి. మన ప్రశ్నకి లవ్ బర్డ్ కంటే సరిపోయే జవాబు వేరే ఉంది. మౌస్ బర్డ్ అని ఒక పిట్ట, ఎలుక పిట్ట అనుకోండి. బూడిద, గోధుమ కలిసిన మెత్తటి ఈకలు, నెత్తి మీద జుట్టు, ఒంటి కంటే పొడుగు తోక. ఎలుక పాకినట్టు కొమ్మల్లో పాకుతుంది. ఆరు రకాలున్నాయి, ఆరూ ఆఫ్రికాలోనే, లోకంలో ఇంకెక్కడా లేవు. గుంపుగా తిరుగుతాయి, రాత్రి ఒకదాన్ని ఒకటి పట్టుకుని ముద్దగా వేలాడి పడుకుంటాయి. పండ్లు, ఆకులు, మొగ్గలు, పూలు వాటి తిండి. పొద్దున్నే ఎండకి పొట్ట పెట్టి కూర్చుంటాయి, మన హాస్టల్లో చలికాలం మనం మెట్ల మీద కూర్చున్నట్టు. కాలివేళ్లు నాలుగూ ముందుకి తిప్పుకోగలవు. చిలక జాతికి ఎప్పుడూ రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి. తోక చూసి, వేళ్లు చూసి, తిండి చూసి ఈ మూడు పిట్టల్ని విడదీయవచ్చు. రంగు చూసి కాదు. రంగు మోసం చేస్తుంది. చీటీ మీద ఎవరైనా ఎలుక పిట్ట అని రాసి ఉంటే, వాళ్లకి ఇంకో పెన్ను ఇవ్వాలని ప్రశ్నలు పెట్టే అక్కలకి నా మనవి. నా పెన్ను మాత్రం అడగొద్దు, ఇది రాస్తున్నది దానితోనే.

కొంతమంది అంటారు, పిట్ట పేరు ఏదైతే ఏముంది, చూడ్డానికి బాగుంది కదా అని. మా గదిలో కూడా అన్నారు. దానికి జవాబుగా పాతబస్తీలోనే జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

చార్మినార్ దగ్గర బస్సు కోసం నిలబడినప్పుడు ఒక పెద్దమ్మ నన్ను పలకరించింది. చాలా మర్యాదగానే మాట్లాడింది. "ఎక్కడి పిల్లలమ్మా?" అంది. భద్రాచలం వైపు అని చెప్పాను. "ఏం వాళ్లు?" అంది. కోయవాళ్లం అన్నాను. వెంటనే చెయ్యి చాపింది. "అయితే నా చెయ్యి చూసి చెప్పమ్మా, మా అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో" అంది. నాకు అర్థం కాలేదు. "మీ కోయదొరలు చెప్తారు కదా" అంది. నెత్తిన ఈకలు, మెళ్లో పూసలు పెట్టుకుని, వేరు మందులిస్తాం, జాతకం చెప్తాం అని పట్నాల్లో తిరిగేవాళ్లని ఆవిడ చూసి ఉంటుంది. సినిమాల్లో చూసి ఉంటుంది. మన ఊళ్లో ఎవరు చేతులు చూస్తారు చెప్పండి? మా నాయన పోడు చేస్తాడు, ఇప్పపువ్వు ఏరతాడు. మనకి మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని ఉంటాయి, ఏ గట్టు వాళ్లకి ఏ గట్టుతో పెళ్లి కుదురుతుందో పెద్దలు చెప్తారు. కొమ్ములు, ఈకలు పెట్టుకుని డాన్స్ చేసేది పండగకి, పెళ్లికి. అమ్ముకోడానికి కాదు. నాకు ఇవన్నీ చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "నాకు రాదండీ" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని "చదువుకుంటే అన్నీ మర్చిపోతారు మీరు" అంది. బస్సులో వెనక సీట్లో కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూశాను. ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకి నా పేరు తెలుసు, నేను తెలియదు. బడ్జీని చూసి లవ్ బర్డ్ అనుకున్న నేను కూడా అంతే.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పిట్టతో మనిషిని పోలుస్తావా అని కొందరు కోప్పడవచ్చు. పోల్చడం లేదు. పేరు తప్పయితే తర్వాతవన్నీ తప్పుతాయి అంటున్నా. పిట్టకి తిండి తప్పుతుంది, మనకి మర్యాద తప్పుతుంది.

అదే ప్రయాణంలో ఏ.సి. గార్డ్స్ అన్న బోర్డు చూసి ఏసీ మిషన్లు బాగు చేసే చోటు కాబోలు అనుకుని నవ్వుకున్నాం, గుర్తుందా? అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అట. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం దగ్గర గుర్రపు దళంలో పనిచేశారు, వాళ్లుండే చోటుకి ఆ పేరు వచ్చింది. వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పుడు హైదరాబాదు వాళ్లే. సోషల్ సార్ చెప్పేదాకా మనకి తెలియదు. ఆఫ్రికా అని రాసి ఉన్నది చదవలేకపోయాం. ఆఫ్రికా కానిదాన్ని మాత్రం ఆఫ్రికా అని నమ్మాం.

గుర్తుపట్టడం చిన్న పని కాదు. సలీం అలీ గారి పేరు పాఠంలో విన్నాం. ఆయన చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో ఒక పిచ్చుకలాంటి పిట్టని కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకకి అట్టా ఉండదు కదా అని అనుమానం వచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లాడు. అక్కడి దొర గదుల నిండా దాచిన పక్షుల్ని చూపించి, అదేమిటో చెప్పాడు. ఆ ఒక్క అనుమానమే ఆయన్ని పక్షుల శాస్త్రవేత్తని చేసింది. తర్వాత 1931-32లో హైదరాబాదు సంస్థానం అంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేసింది కూడా ఆయనే. ఆయన దగ్గర మొదట ఉన్నది తుపాకీ, అనుమానం. మన దగ్గర తుపాకీ లేదు, అది మంచిదే. అనుమానమైనా ఉండాలి కదా.

ఇంక ఆదివారం ఓటింగు సంగతి. వరండాలో పంజరం పెట్టాలా, వద్దా. నా అభిప్రాయం వద్దు అని. ఎందుకో చెప్తా. అయితే ముందు అవతలివాళ్ల మాటలు కూడా న్యాయంగా రాస్తాను, వాళ్లు నా స్నేహితులే.

వాళ్లు చెప్పేది ఏమంటే, ఆ పిట్టలు పంజరంలోనే పుట్టాయి, వాటికి అడవి తెలియదు, వదిలితే కాకులు తినేస్తాయి. ఇది నిజమే. కొని వదిలేద్దాం అని ఎవరైనా అంటే అది ఇంకా తప్పు. రెండోది, చట్టం ఒప్పుకుంటుంది అంటున్నారు. ఇది సగం నిజం. మన రామచిలకలు, జీనువాయిలు, గోరువంకలు, ఇట్టాంటి మన దేశపు పిట్టల్ని పట్టినా, అమ్మినా, పెంచినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. 1990-91 నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారం మొత్తం నిషేధం. విదేశీవి వేరు. అందుకే కొట్లలో అవి కనపడతాయి. కానీ వాటికీ 1973 నాటి సైటెస్ అనే ఒప్పందం ఉంది, మన దేశం 1976లో అందులో చేరింది. ఆ జాబితాలో ఉన్న జీవుల్ని పెంచేవాళ్లు వివరాలు నమోదు చేయించాలి అని 2022లో మన చట్టాన్ని సవరించారు. ఇక్కడే తమాషా చూడండి. బడ్జీ ఆ జాబితాలో లేదు. గులాబీ ముఖం లవ్ బర్డ్‌ని తీసేయాలని 2004లో నిర్ణయించారు. ఫిషర్ లవ్ బర్డ్, నల్ల ముఖం లవ్ బర్డ్ మాత్రం జాబితాలోనే ఉన్నాయి. కళ్ల చుట్టూ తెల్ల వలయం ఉందా లేదా చూడకుండా "లవ్ బర్డ్ జోడీ" అని కొనుక్కొస్తే, హాస్టల్ పేరు మీద ఏ కాగితం కావాలో కూడా మనకి తెలియదు. అప్పుడు అడిగేది మేడం గారిని, మనల్ని కాదు.

మూడోది, వాళ్ల అసలు మాట. ఆ చిన్నపిల్ల. పిట్టలతో అయినా మాట్లాడుతుంది కదా, నీకు జాలి లేదా అని నన్ను అడిగారు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నా. దసరాకి మనమంతా ఇంటికి పోతాం. సంక్రాంతికి పోతాం. ఎండాకాలం హాస్టల్‌కి తాళం వేస్తారు. మన వైపు మే నెల ఎండ ఎట్లుంటదో రాయక్కర్లేదు, రేకుల వరండాలో మనమే నిలబడలేం. పిట్టలకి నీళ్లు ఎవరు పెడతారు? వాచ్‌మన్ తాతకి ఇప్పటికే మోటారు, గేటు, మేకలు ఉన్నాయి. జూన్‌లో తాళం తీసినప్పుడు ఆ పిల్లే ముందు పరుగెత్తుకుంటూ వరండాలోకి వస్తుంది. నేను అది ఊహించుకోలేకపోతున్నా. మీరు ఊహించుకుని ఓటు వేయండి.

ఇంకొకటి, ఇది నాకు చాలా సంతోషం కలిగించిన సంగతి. లవ్ బర్డ్స్‌కి దగ్గరి చుట్టాలు ఎవరా అని చూస్తే, వేలాడే చిలకలు అని ఉంది. అవి మన దేశంలోనే ఉన్నాయి! పడమటి కనుమల్లో, తూర్పు కనుమల్లో కూడా. సుమారు 14 సెంటీమీటర్లు, ఒళ్లంతా పచ్చ, నడుము దగ్గర ఎరుపు, ముక్కు ఎరుపు, తోక కురచ. పూల తేనె, మెత్తటి పండ్లు తింటుంది. రాత్రి గబ్బిలంలాగా తలకిందులుగా వేలాడి నిద్రపోతుంది. మెహబూబ్ చౌక్‌లో ఆరు వందలు పెట్టి ఆఫ్రికా పిట్ట కొందామనుకున్నామా, దాని పెదనాన్న కూతురులాంటిది కొండల్లో ఊరికే ఎగురుతోంది. నేనింకా చూడలేదు. సెలవుల్లో తాతని అడిగితే "చిన్నదా, చెట్టు కొసలో ఉంటదా, కిందకి దిగదా" అని మూడు ప్రశ్నలు అడిగాడు. నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. పుస్తకంలో రంగు చూశాను గాని అది ఎక్కడ వాలుతుందో సరిగ్గా చదవలేదు. ఈసారి చదువుకుని వెళ్తా.

ఇక్కడ మన హాస్టల్ వెనకే మేడిచెట్టు ఉంది. దాని మీద కంసాలి పిట్ట టుక్ టుక్ మంటూ ఉంటుంది, చిన్నది, పండ్లు తింటుంది. బాయికాడ జామచెట్టు మీద పిగిలిపిట్టలు, సాయంత్రం చిలకల గుంపు. చిన్నవే, గుంపువే, పండ్లు తినేవే, ఆఫ్రికా ఒక్కటే తక్కువ. ఆ చిన్నపిల్లని పోయిన శనివారం బట్టలు ఆరేసేటప్పుడు నాతో మేడిచెట్టు కిందకి తీసుకెళ్లాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వేలు పైకి పెట్టి చూపించింది. ఎర్ర నుదురు ఉన్న కంసాలి పిట్ట, ఎండుకొమ్మకి బొక్క పెట్టి అందులోంచి తల బయట పెట్టింది. నేను ఇన్నేళ్లుగా ఆ చెట్టు కింద బట్టలు ఆరేస్తున్నా, ఆ బొక్క చూడలేదు. "అది ఇల్లు" అంది. తెలుగులో అంది. మర్నాడు మళ్లీ ఏడ్చింది, అది కూడా రాయాలి, లేకపోతే కథ చెప్తున్నానంటారు.

నేను వేసిన పది రూపాయలు తిరిగి ఇవ్వక్కర్లేదు. వీలుంటే ఆ డబ్బులతో సంతలో నాలుగు మట్టి చిప్పలు కొనండి, మేడిచెట్టు కింద నీళ్లు పెడదాం. నీళ్లు మార్చే పని మా గదికి రాయండి. సెలవుల్లో మనం లేకపోయినా ఆ పిట్టలు వాగుకి ఎగిరిపోగలవు. పంజరం కావాలనే వాళ్లు ఎక్కువైతే మాత్రం నేను అలగను. కొనే ముందు ఎవరైనా ఒకరు తోక, వేళ్లు, కళ్ల చుట్టూ వలయం చూసి, అది ఏం తింటుందో అడిగి రాసుకుని రావాలి, సెలవుల్లో ఎవరింటికి తీసుకుపోతారో పేరు ముందే బోర్డు మీద రాయాలి.

నా బొమ్మ కింద "ఇది బడ్జీ, ఆస్ట్రేలియా పిట్ట, తప్పు నాది" అని రేపు రాస్తాను. పక్కన ఎలుక పిట్టని వేయడానికి గోడ మీద జానెడు జాగా కావాలి. వార్డెన్ మేడం గారు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుచున్నాను. బొగ్గు నా దగ్గర ఉంది, గోధుమ రంగు సుద్ద లేదు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, నాలుగో నంబరు గది